తాళాల మేస్త్రి సాక్ష్యం

పోలీస్ స్టేషన్ గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతలి పక్క, కాళ్ళు చాపితే అవతలి గోడకు తగిలేంత కొట్లో ఇరవై రెండేళ్ళుగా తాళాలు బాగుచేస్తున్నాడు మేస్త్రి. ఆయన తీయలేని తాళం ఆ చుట్టుపక్కల లేదు. తాళంచెవి పోగొట్టుకుని లబోదిబోమంటూ వచ్చినవాళ్ళతో, "తాళం ఏం చేసిందమ్మా పాపం, దాన్నెందుకు తిడతారు?" అంటూ సన్నటి ఇనపతీగను రెండు వంపులు తిప్పి లోపలికి పోనిచ్చేవాడు. మాట పూర్తయ్యేలోపు టక్కుమనేది. చదువు ఐదో తరగతితో ఆగిపోయినా సంతకం మాత్రం దివ్యంగా చేస్తాడు. పేరు పూర్తిగా రాసి, కింద ఒక గీత గీసి, గీత చివర రెండు చుక్కలు పెడతాడు.

ఆ సంతకమే ఆయన కొంప ముంచింది. మొదట్లో పోలీసులు ఆయన్ని పిలిచింది తాళాలు తీయడానికే. ఎవరి ఇల్లయినా సోదా చేస్తే పోలీసు కాని మనిషి ఒకడు దగ్గరుండి చూడాలి, ఏం దొరికిందో రాసిన కాగితం మీద సాక్షిగా సంతకం పెట్టాలి. ఎలాగూ తాళం తీయడానికి వచ్చాడు కదా అని ఆయన చేతే పెట్టించేవాళ్ళు. పోనుపోను తాళంతో పనిలేని చోటికి కూడా పిలవసాగారు. కొట్టు మూసి వస్తే గిరాకీ పోతోందని ఆయన ఒకసారి గొణిగితే, హెడ్ కానిస్టేబులు ఉపాయం కనిపెట్టాడు.

"నిన్ను ఎండలో తిప్పడం నాకు మాత్రం సరదానా మేస్త్రీ? ఓ పది తెల్లకాయితాల మీద కింద సంతకాలు పెట్టి ఇచ్చెయ్. పైన మేం రాసుకుంటాం. నువ్వూ హాయి, మేమూ హాయి."

అప్పటి నుంచి నెల మొదట్లో పది కాగితాలు రోడ్డు దాటి వచ్చేవి, సంతకాలతో వెనక్కి వెళ్ళేవి. ఏదో ముట్టి ఉంటుంది అనుకునేరు, ఆయన పైసా ముట్టలేదు. తన కొట్టు జోలికి ఎవరూ రాకపోవడం, స్టేషన్‌లో అడుగుపెడితే కుర్చీ చూపించడం, అదే ఆయనకు కొండంత. "ఊళ్ళో దొంగసొత్తంతా నీ కళ్ళముందే దొరుకుతోందటగా, కొట్లోంచి కదలకుండానే!" అని భార్య ఎగతాళి చేసేది. ఆయనా నవ్వేవాడు. నవ్వాల్సిన మాట కాదని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అన్నీ అబద్ధాలే అనుకోకండి. తొమ్మిదేళ్ళ కిందట, పక్కవీధిలో గుండీలు, దారాలు అమ్మే ఆవిడ కూతుర్ని ఎవరో చంపేశారు. ఇరవై ఏళ్ళ పిల్ల, ఆసుపత్రిలో నర్సు. అప్పటి ఇన్‌స్పెక్టరు పద్ధతి వేరు. మేస్త్రిని వెంటబెట్టుకుని, మూడంతస్తులు ఎక్కించి, ఒక అద్దెగది తాళం తీయించాడు. పరుపు ఎత్తితే ఆ పిల్ల చేతిగడియారం కనిపించింది. పట్టీ తెగి ఉంది, అద్దం మీద మరక ఎండి ఉంది. మేస్త్రి తన రెండు కళ్ళతో చూశాడు. అక్కడే రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టించుకున్నారు. ఆయన సాక్ష్యంతోనే ఆ గదిలో ఉండేవాడికి యావజ్జీవం పడింది. వాడు పైకోర్టుకు వెళ్ళాడు, ఆ కేసు ఏళ్ళ తరబడి అక్కడ నానుతోంది. గుండీలావిడకు మాత్రం ఆ రోజు నుంచి మేస్త్రి అన్నయ్యే అయిపోయాడు. "నా బిడ్డ తరఫున నోరు విప్పింది నువ్వొక్కడివే అన్నయ్యా" అనేది.

కిందటి ఏడాది ఒక మధ్యాహ్నం, పాతికేళ్ళ అమ్మాయి నెత్తిమీద రేకుపెట్టెతో వచ్చి, కొట్టు ముందు దించింది.

"బాబాయ్, తాళాల మేస్త్రి మీరేనా?"

"నేనేనమ్మా. తాళంచెవి పోయిందా?"

"మా ఆయన గోడలకు రంగులేస్తాడు. పనిచేసిన ఇంట్లో నగలు పోయాయని పట్టుకుపోయారు. ఆ నగలు ఈ పెట్టెలోనే దొరికాయట. తాళం మీరు తీశారట, కాయితంలో ఉంది." ఏడ్చి ఏడ్చి ఇక ఓపిక లేని గొంతుతో చెప్పింది. "ఒక్కసారి చూడండి బాబాయ్. దీనికి తాళం ఎక్కడ వేస్తారు?"

మేస్త్రి వంగి చూశాడు. తాళం తగిలించే కొండీ మొదలంటా విరిగిపోయి ఉంది. విరిగినచోట తుప్పు, ఆ తుప్పు మీద ఎండిపోయిన రంగు చుక్కలు. ఇనుముతో బతికినవాడు, తుప్పు వయసు ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. అది విరిగి మూడు నాలుగేళ్ళయింది.

"మీ ఇల్లెక్కడమ్మా?" అని అడిగాడు. అడిగాక సిగ్గుతో చచ్చిపోయాడు. కాగితం ప్రకారం ఆ ఇంట్లో నిలబడి, ఆ పెట్టె తాళం తీసింది తానేనాయె.

సాక్ష్యానికి ముందురోజు హెడ్ కానిస్టేబులు వచ్చి బల్లమీద కూర్చున్నాడు.

"రేపు కోర్టులో మన వకీలు ఏం అడిగినా 'అవును' అను చాలు. నగలు పోయినవాడు పెద్దమనిషి. అసలు దొంగ దొరికేదాకా ఆగమంటే ఆగుతాడా?"

"ఆ పెట్టెకు తాళమే లేదు కదండీ."

"ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూశానండీ."

హెడ్డు ఆయన వంక తేరిపార చూసి, "కొట్టు పెట్టుకుని ఎన్నేళ్ళయింది మేస్త్రీ? ఈ పేవ్‌మెంటు ఎవరిదో గుర్తుందా?" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఆయన పోలీసుల్ని తిట్టడం మొదలుపెట్టాడు. కంచే చేను మేస్తే ఇక కాపాడేదెవరు అన్నాడు. భార్య ఊరుకోలేదు. "వాళ్ళననడం ఎందుకయ్యా? కంచె గడియ తీసిచ్చింది నువ్వేగా. ఆ పిల్ల మొగుడు పదేళ్ళు జైల్లో కూర్చుంటే, నీకు అన్నం సయిస్తుందా?" ఆయనకు అప్పుడే సయించలేదు, కంచం పక్కకు జరిపాడు.

కోర్టులో మేస్త్రి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తాను ఆ ఇల్లు చూడలేదని, పెట్టెకు తాళం లేదని, తెల్లకాగితం మీద సంతకం పెట్టానని చెప్పాడు. బోనులో రంగులతను తల ఎత్తి, నమ్మలేనట్టు ఆయన్నే చూస్తున్నాడు. ఇంతలో అతని తరఫు వకీలు అడిగాడు.

"ఇలా ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టారు?"

"నెలకు పదండీ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పద్నాలుగేళ్ళు ఉంటుందేమోనండీ."

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి ఆయన్ని చూశారు. తర్వాత ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా రాయించారు.

రెండు వారాల్లో రంగులతను ఇంటికొచ్చాడు. అడక్కుండానే వచ్చి మేస్త్రి కొట్టు తలుపులకు నీలం రంగు వేసిపోయాడు. పోలీసులు కొట్టు పీకేస్తారని ఆయన రోజూ భయపడ్డాడు కానీ ఎవరూ రాలేదు. ఇన్‌స్పెక్టరుకు బదిలీ అయింది. విచారణ అన్నారు, అది ఏ గట్టున పడిందో ఎవరికీ తెలియదు. హెడ్డు అదే కుర్చీలో ఉన్నాడు. తెల్లకాగితాలు ఇప్పుడు పక్కనున్న జిరాక్సు షాపుకు వెళ్తున్నాయని మేస్త్రి తన కళ్ళతోనే చూస్తున్నాడు.

ఆరు నెలలకు పైకోర్టులో నర్సు కేసు కదిలింది. హంతకుడి వకీలు, మేస్త్రి చెప్పిన మాటల నకలును అక్కడ పెట్టాడు. పద్నాలుగేళ్ళుగా నెలకు పది తెల్లకాగితాల మీద సంతకం పెట్టిన మనిషి, ఈ ఒక్క కాగితం మాత్రం చూసి పెట్టాడంటే నమ్మడం ఎలా అన్నాడు. గడియారం సంగతి తీసేస్తే ఆ కేసులో మిగిలింది ఏమీ లేదు. ఆ కబురు తెలిసి మేస్త్రి పరుగున వెళ్ళి ప్రభుత్వ వకీలు గుమ్మంలో నిలబడ్డాడు.

"అదొక్కటీ నిజం సార్. దేవుడిమీద ఒట్టు, నేను చూశాను."

"కావచ్చు పెద్దాయనా. కానీ ఏదొక్కటి నిజమో మాకెలా తెలుస్తుంది?" అన్నాడాయన, కోపం లేకుండానే.

వాణ్ణి వదిలేశారు.

నాలుగోరోజు పొద్దున గుండీలావిడ కొట్టుకు వచ్చింది. మేస్త్రి ఆకురాయి పక్కనపెట్టి లేచి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, నేను నిజంగా చూశాను. పరుపు కింద, గోడవైపు. పట్టీ తెగి..."

"అప్పుడూ ఇలాగే చెప్పావు" అందామె. "పరుపు, గోడవైపు, పట్టీ. ఒక్క ముక్క మారలేదు. ఇన్నేళ్ళూ ఆ మాట పట్టుకునే బతికాను. ఇప్పుడు నా పిల్లను చంపింది వాడేనా, ఇంకెవడైనానా అని నాకే అనుమానం పట్టుకుంది. నా బిడ్డ కేసులో మీరంతా కూర్చుని రాసుకున్నారేమో, నాకేం తెలుసు?"

ఆయన బల్లను ముందుకు జరిపాడు, ఆమె కూర్చోలేదు.

"తాళం ఒకటి ఇవ్వు. వాడు మళ్ళీ ఈ చుట్టుపక్కలే ఇల్లు తీసుకున్నాడట. వాడో, మరొకడో, రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదు."

మేస్త్రి తన దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా గట్టి తాళం తీసి, నూనె వేసి, రెండుసార్లు తిప్పి చూసి, మూడు తాళంచెవులతో ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వాటిని అరచేతిలో చూసుకుంటూ నిలబడింది.

"దీనికి ఇవి మూడేనా?"

"మూడేనమ్మా."

"నాలుగోది నీ దగ్గర లేదు కదా?"

ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు. ఆమె ఆ చేతుల వంక కాసేపు చూసి, తాళాన్నీ తాళంచెవుల్నీ బల్లమీద పెట్టేసింది.

"ఇంకోచోట కొనుక్కుంటాలే" అని మెట్టు దిగింది.