బావ కొట్టిన ఆదేశాలు

బావ పోయిన రెండేళ్లకు అక్క మంచం కింది నుంచి ఆయన వర్క్‌స్టేషన్ కంప్యూటర్‌ను బయటికి లాగింది. బావ గని సర్వే ఆఫీసులో మ్యాపులు గీసేవాడు. ఆఫీసులో తీసేసిన ఆ పాత యంత్రాన్ని వేలంలో తెచ్చుకుని, విండోస్‌కు బదులు లినక్స్ వేసుకుని, డ్యూటీ దిగాక దాని ముందే కూర్చునేవాడు. ఒక పొద్దున షిఫ్టుకు తయారవుతూ గుండె ఆగి పోయాడు.

"ఊకె దుమ్ము పడుతున్నది తమ్మీ. నీకు పనికొస్తె వాడుకో," అంది అక్క.

గోదావరిఖనిలో నాది కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. లినక్స్ లోపలి మూలభాగమైన కెర్నల్‌ను అలాగే ఉంచి, దాని మీద మనం రోజూ వాడే పనిముట్లలాంటి చిన్న చిన్న ప్రోగ్రాములన్నిటినీ కొందరు మొదటి నుంచి తిరగరాస్తున్నారు. ఇంకా సగమే అయింది. అది పాత యంత్రం మీద ఎంతవరకు నడుస్తుందో చూడాలని నా ఆశ. ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంట్లోనే మొదలుపెట్టాను. బావ ఫోల్డరును పెన్‌డ్రైవులోకి తీసి, ఆ కొత్త సిస్టమ్ ఎక్కించాక మళ్లీ దాని చోట పెట్టాను.

కర్సర్ వచ్చింది. అలవాటుగా పైబాణం మీట నొక్కాను. నొక్కితే ఇంతకుముందు కొట్టిన ఆదేశం తిరిగి వస్తుంది. నేనింకా ఏమీ కొట్టలేదు. అయినా ఒకటి వచ్చింది. బావది.

ఆదేశాల చిట్టా ఆయన ఫోల్డరులోనే ఉంటుందన్న సంగతి మరిచిపోయాను. నొక్కుతూ పోయాను. తెర తుడిచే ఆదేశాన్ని ప్రతిసారీ చివరి రెండక్షరాలు తారుమారు చేసి కొట్టాడు, వెంటనే సరిగ్గా కొట్టాడు. తప్పు, ఒప్పు. తప్పు, ఒప్పు. ఆయన నా వెనక నిలబడి కొడుతున్నట్టే అనిపించి తిరిగి చూశాను. అక్క, చాయ్ గ్లాసుతో.

"ఏందిరా, గట్లయినవ్?"

చూపించాను. కూడబలుక్కుని చదివి నవ్వింది.

"జర నిమ్మలంగ కొట్టుమని ఎన్నిసార్లు చెప్పిన! చేతులకు ఎప్పుడు తొందరనే." గ్లాసు నా పక్కన పెట్టి అడిగింది. "ఆఖరుకు ఏం కొట్టిండు?"

"మ్యాపు ప్రింటు తియ్యమని."

"కొట్టు, చూద్దాం."

ఎంటర్ నొక్కాను. అలాంటి ఆదేశం లేదని వచ్చింది. ప్రింటు తీసే పనిముట్టును ఇంకా ఎవరూ తిరగరాయలేదు.

"దీనికి తెల్వదట అక్కా."

"మీ బావ చెప్పింది తెల్వదా దీనికి?" అని లోపలికి వెళ్లిపోయింది.

వారమంతా వచ్చి బావ ఖాతాలోనే ప్రయోగాలు చేశాను. అప్పుడు గాని తెలియలేదు, ఆ చిట్టాలో కొన్ని వందల వరసలకే చోటని. నేను కొత్తది ఒకటి కొట్టినప్పుడల్లా బావ పాతది ఒకటి రాలిపోతూ వచ్చింది. ఆయన లినక్స్ నేర్చుకుంటున్నప్పటి వరసలు చాలావరకు పోయాయి. పెన్‌డ్రైవులోని నకలును దుకాణంలో ఎవరి పని కోసమో అప్పటికే చెరిపేశాను. మిగిలినవి దాచి, నాకు వేరే ఖాతా పెట్టుకున్నాను.

ఇప్పుడు అక్క అప్పుడప్పుడు దాని ముందు కూర్చుని ఒక్కొక్క వరసే పైకి పోతుంది. మొన్న చివరిదాకా పోయి ఆగింది.

"ఇంతేనా?"

"ఇంతే అక్కా," అన్నాను.