మనవరాలి బరువూ, నా పెర్ల్ ప్రోగ్రామూ

పెర్ల్ అనే కంప్యూటర్ భాషను భద్రాచలం అడవుల్లోకి తెచ్చిన మొదటి మనిషిని నేనేనని మా వీధిలో చాలాకాలం చెప్పుకున్నాను. తెచ్చిన మాట అబద్ధం కాదు. హైదరాబాదులో పనిచేసే ఒక కుర్రాడు దాన్ని ఫ్లాపీల్లోకి ఎక్కించి ఇస్తే, వాన తగలకుండా లుంగీలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చాను. మోయడం వరకు నేనే మొదటివాణ్ణి.

తొంభైల నడుమ సంగతి ఇది. భద్రాచలంలో ఒక ప్రసూతి దవాఖానాలో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల బరువు రోజూ చూసి, మంచానికి ఒక చీటీ తగిలించడం అక్కడి పద్ధతి. నర్సు సిస్టర్ కంప్యూటర్లో నేను రాసిన ప్రోగ్రాం పేరు కొట్టి, దాని పక్కన మంచం నంబరూ బరువూ కొట్టేది. అట్లా పక్కన అందించేవాటిని ఆర్గ్యుమెంట్లు అంటారు. మా సిస్టర్ తొందరలో ఒకసారి ముందుది వెనక, వెనకది ముందు కొట్టింది. దాంతో ఏడో మంచం పిల్ల ఏడు కిలోలు తూగినట్టు చీటీ వచ్చింది. చూడటానికి వార్డంతా కదిలింది.

అప్పుడు ఆ ప్రోగ్రాంలో కొత్తగా ఒక ముక్క రాశాను. ఏ వరుసలో అందించినా పట్టించుకోదు. చుక్క ఉన్న అంకె బరువు, చుక్క లేనిది మంచం. ఏదైనా మరిచిపోతే బరువేదని ఎదురు అడుగుతుంది. ఇంకో ముక్క అంకెల్ని సవరించేది. చుక్క తర్వాత ఒక్క అంకె చాలని డాక్టరమ్మ అన్నది గనక, బరువు ఎటు దగ్గరైతే అటు జరిపేది. సున్నాకన్నా తక్కువ సంఖ్యల్ని కూడా తప్పు లేకుండా సవరిస్తుందని అందరికీ గొప్పగా చూపించాను. సున్నాకన్నా తక్కువ తూగే పిల్ల ఎక్కడైనా పుడుతుందా అని ఒక్కరూ అడగలేదు. వాళ్ల మంచితనం.

ఆ వానాకాలంలోనే మా అమ్మాయి కాన్పుకొచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పుట్టిల్లయితే ఉంది గానీ తల్లి లేదు. నా భార్య పోయి అప్పటికి చాలా కాలమైంది. అందుకని మధిర నుంచి మా వియ్యపురాలే వచ్చింది. వియ్యంకుడి ఇంట్లో వండుకుని తినడం ఆమెకు ఎంత ఇబ్బందో, ఆమె వండింది తినడం నాకూ అంతే. ఆమె నన్ను అన్నయ్యగారూ అనేది, నేను చెల్లెమ్మగారూ అనేవాణ్ణి. ఆ రెండు పిలుపులతోనే రోజులు గడిపాం.

పిల్ల ముందే పుట్టింది. గుప్పెడంత. అద్దాల గదిలో వెచ్చగా పెట్టారు. పసిబిడ్డ బరువు పైకి అంటే దిష్టి తగులుతుందని వియ్యపురాలు సిస్టర్ నోరు కట్టేసింది. దాంతో మా అమ్మాయికి పిల్ల సంగతి తెలిసే దారి నా చీటీ ఒక్కటే.

ఒక పొద్దున టీ పట్టుకుని వెళ్తే అమ్మాయి దిండు కింద నుంచి చీటీలు తీసింది. అన్నింటిమీదా ఒకటే అంకె. 1.6.

"పిల్ల పెరుగుతలేదు నాయనా. నా పాలల్ల బలం లేదేమో."

"ఎవరన్నరే గట్ల?"

"ఎవరనాలె? కనబడుతనే ఉన్నది కదా."

వియ్యపురాలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. "మధిర తీసుకెళ్దామండీ అన్నయ్యగారూ. అక్కడ మాకు తెలిసిన డాక్టరున్నాడు. ఇక్కడ వానలో కూర్చుని ఏం చేస్తాం?"

అంత పసిదాన్ని, ఆ గుంతల రోడ్డు మీద, బస్సులో.

సిస్టర్ దగ్గరికి పరిగెత్తి అసలు తూకం అడిగాను. పిల్ల రోజూ పెరుగుతూనే ఉంది, ఇరవై గ్రాములో, ఇంకాస్తో. డాక్టరమ్మ కోరిన ఒక్క అంకె దాన్నంతా మింగేస్తోంది. మిషన్ ముందు కూర్చుని, పక్కన ఇంకో మాట కూడా అందుకునేలా మార్చాను. ఉన్నదున్నట్టు అని కొడితే గ్రాములన్నీ వస్తాయి. ఏ మాటా కొట్టకపోతే పాత పద్ధతే. క్షణంలో రాసేశానని చెప్పేవాణ్ణి. నిజానికి మధ్యాహ్నం దాటింది, అన్నం కూడా తినలేదు.

కొత్త చీటీని అమ్మాయి పాతవాటి పక్కన పెట్టి చూసుకుంది. తర్వాత పిల్లకి పాలు పట్టాలని లేచింది.

వియ్యపురాలు మాత్రం నన్ను వరండాలోకి పిలిచింది. "అన్ని అంకెలు మంచానికి వేలాడదీస్తారా? వచ్చినవాళ్ల కళ్లన్నీ దానిమీదే కదండీ. తక్కువ చేసి రాయకూడదూ?"

అందుకని కిందికి అనే మాట కూడా చేర్చాను. ఆ మాట కొడితే ఎంత దగ్గరగా ఉన్నా పైకి జరపదు, కిందికే దించుతుంది. మంచానికి అత్తగారి చీటీ, దిండు కిందికి కోడలి చీటీ. మధిర ప్రయాణం మాట ఆగిపోయింది.

రెండు కిలోలైతే ఇంటికి పంపుతానని డాక్టరమ్మ మాట. రెండు మూడు వారాలు గడిచాక ఒక తెల్లారి తూకం 1.96. నేను కీబోర్డు మీద చెయ్యి పెట్టేసరికి అమ్మాయి వెనకాలే వచ్చి నిలబడింది. సంచి సర్దుకుని ఉంది.

"నాయనా, ఇయ్యాల ఏ మాటా కొట్టకు. ఊరకుంటే మిషనే రెండంటది."

కొండలా కదలకుండా నిలబడ్డానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను. నిలబడలేదు. ఆ మొహం చూసి ఉత్తగా కొట్టేశాను. 2.0 అని వచ్చింది. ఇద్దరం వార్డులోకి వెళ్లాం. చీటీ ముందు వియ్యపురాలి చేతిలో పడింది.

"నిజంగా రెండేనా అన్నయ్యగారూ?"

"నలభై గ్రాములు తక్కువ చెల్లెమ్మగారూ."

"అంటే ఎంతండీ?"

"ఒక చిన్న నిమ్మకాయంత."

ఆమె అద్దాల గదివైపు చూసింది. "దాని కాలే నిమ్మకాయంత లేదు. ఆ కాస్తా ఇక్కడే పెరగనివ్వండి. వండి పెట్టడానికి నేనున్నాగా."

అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెనక్కి వెళ్లి కిందికి అని కొట్టాను. 1.9 వచ్చింది. డాక్టరమ్మ చూసి, ఇంకొన్నాళ్లు ఉండండి అని వెళ్లిపోయింది.

సాయంత్రం అమ్మాయి మంచం పక్కన కూర్చున్నాను. వియ్యపురాలు మంచం మీద ఆమె వెనక కూర్చుని, నూనె రాసి చిక్కు తీస్తోంది. తల్లి పోయిన తర్వాత ఆ జుట్టు అంత నిదానంగా దువ్వినవాళ్లు లేరు. నేను మెల్లిగా లేచి బయటికి నడుస్తుంటే వెనక నుంచి అమ్మాయి గొంతు వినిపించింది.

"నాయనా, రేపు కూడ కిందికే కొట్టు. నేను మల్ల అడిగినా సరే."