పందిరి మాది, నీడ పక్కింటిది

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. నీడ పొడవును బట్టి చెట్టు ఎత్తు కనుక్కోవడం ఎన్ని వందల మందికి నేర్పానో! అలాంటివాణ్ని నా సొంత ఇంట్లో నీడ ఏ పక్క పడుతుందో చూసుకోలేదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులే పట్టింది.

మా ఆవిడకి ఆర్నెల్లుగా జబ్బు. నయమవుతోంది గానీ, వాడుతున్న మందుల వల్ల ఎండ తగిలితే చాలు, ఒళ్లంతా దద్దుర్లు. కొన్నాళ్లు ఎండలోకి రానివ్వకండి అన్నాడు డాక్టరు. విజయనగరంలో ఎండ లేని చోటు ఎక్కడుంది? పొద్దస్తమానం ఆరుబయట తిరిగే మనిషి గదిలో ఫ్యాను కింద పడుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయింది. తిండి తగ్గింది, మాట తగ్గింది. ఏమడిగినా "ఏమో, మీ ఇష్టం" అనేది. జబ్బు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అందుకని ఆన్‌లైన్‌లో పందిరి కిట్టు తెప్పించాను. రెండు పెద్ద అట్టపెట్టెల్లో అల్యూమినియం స్తంభాలు, పైన కప్పే మందపాటి గుడ్డ, పక్కలకి రెండు తెరలు, సంచెడు బోల్టులు. దాంతో వచ్చిన బొమ్మల పుస్తకం ముందేసుకుని ఒక ఆదివారమంతా కుస్తీ పట్టాను. ఒక్క స్తంభం నిలబెట్టి, దాన్ని కాలి మీద పడేసుకున్నాక బుద్ధొచ్చింది. గజపతినగరంలో దుకాణాల ముందు షెడ్లు బిగించే ఒకతన్ని పిలిపించాను.

అతను పెట్టెలు చూశాడు. నేను గ్రాఫు కాగితం మీద గీసిన ప్లాను చూశాడు. వీధి గేటు పక్కన, తూర్పు ప్రహరీకి ఆనించి పందిరి. నలుగురూ చూసి బాగుందనాలన్న ఆశ కూడా ఉంది, దాచడమెందుకు. అతను డ్రిల్లు మిషను బయటికి తీయనేలేదు. నా పాత పంచె ఒకటి అడిగి తీసుకుని, నాలుగు సరుగుడు కర్రలకి కట్టి ఆ చోట నిలబెట్టాడు. కింద కుర్చీ వేసి, తను పోయి అరుగు మీద కూర్చున్నాడు.

"పని మొదలెట్టవేం?" అన్నాను.

"సాయంత్రం దాకా సూద్దాం మేస్టారూ."

"నాలుగ్గంటల పని అని పుస్తకంలో రాశాడు!"

"పుస్తకం రాసినోడికి ఇజీనారం ఎండ తెల్దు కదండీ."

నాకు ఒళ్లు మండిపోయింది. పని ఎగ్గొట్టడానికి వేషాలేస్తున్నావని అరిచాను. అతను నవ్వి ఊరుకున్నాడు. నాలుగింటికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. కుర్చీ నిండా ఎండ. పంచె నీడ ప్రహరీ దాటి అవతల పడింది.

"పందిరి మీది, నీడ పక్కింటోల్ది," అన్నాడు. "ఇంతకీ ఇందల కూకునీది ఎవురండీ?"

"మా ఆవిడ."

"మరి ఆయమ్మని అడిగేరా?"

అడగలేదు. రంగు నేనే ఎంచాను, చోటూ నేనే గీశాను. అతను కిటికీ దగ్గరికెళ్లి కేకేశాడు. "అమ్మా, పందిరి మీకంట కదా. ఎక్కడ కూకోవాలనున్నాది మీకు?"

ఏమో అంటుందనుకున్నాను. కానీ కొంగు తల మీదుగా కప్పుకుని తనే బయటికొచ్చింది. వంటింటి వెనక్కి నడిచి, బట్టలుతికే బండ పక్కన నిలబడింది.

"ఇక్కడ," అంది. "ఇక్కడైతే గోడవతల వదినతో మాట్లాడుకోవచ్చు."

నా గ్రాఫు కాగితంలో ఆ చోటే లేదు.

మర్నాడు అతను పంచె అక్కడ కట్టి మళ్లీ ఎండ చూశాడు. ఈసారి నేనూ నోరెత్తకుండా పక్కనే కూర్చున్నాను. రెండు తెరలూ పడమటి వైపే కట్టాలని తేల్చి, ఆ మరుసటి రోజు అంతా బిగించి వెళ్లాడు.

ఆ సాయంత్రం నేను లోపల పేపరు చూస్తుంటే పెరట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఏటి వదినా, ఇవేళ ఏటి కూరొండేవు?"

గోడవతల నుంచి ఏదో జవాబు, ఇద్దరూ పెద్దగా నవ్వడం. ఆ గొంతు అంత గట్టిగా విని ఆర్నెల్లయింది. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆ మనిషి రుణం ఎలా తీర్చుకోవాలో తెలియలేదు. కనీసం చెబుదామని ఫోన్ చేసి పందిరి మాటెత్తాను.

"ఏటి మేస్టారూ, ఎండ కొడతన్నాదేటి? రేపొచ్చి తెర సరిసేసీమంటారా?" అని అతను కంగారుపడ్డాడు.

"వద్దు నాయనా," అన్నాను. "నవ్వుతోంది."