సిపాయి ఇమ్మాన్యుయేల్ నిద్ర

మిలటరీ నుంచి వచ్చినవాడంటే అనకాపల్లిలో ఒక గౌరవం. బ్యాంకు గేటు దగ్గర తుపాకీ ఇచ్చి నిలబెడతారు, పెళ్లిలో ముందు వరసలో కుర్చీ వేస్తారు. ఇమ్మాన్యుయేల్‌కు ఆ రెండూ దక్కలేదు. పన్నెండేళ్లు సర్వీసు చేశాడు. పింఛనుకు సరిపడా ఏళ్లు నిండకుండానే 1992లో ఇంటికి పంపించేస్తే, బెల్లం మార్కెట్లో దిమ్మలకు గోనె చుట్టే పనిలో చేరాడు. కారణం ఊరందరికీ తెలుసు. పట్టపగలు, మందుగుండు గోదాం ముందు కాపలా ఉండి నిద్రపోయాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడు శిక్షలూ అతని సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో రాశారు. అది పడిందంటే ఇంక ఏ దొరా చెరపలేడు.

నేను తాలూకాఫీసు ఎదుట టైపు మిషన్ పెట్టుకుని అర్జీలు కొట్టే సన్యాసిరావును. మేమిద్దరం ఒకే బడిలో చదువుకున్నాం, బావా అంటే బావా అనుకుంటాం. అయినా ఊరు అతన్ని చూసి నవ్వినప్పుడు నేనూ నవ్వాను. ఆ మాట దాచిపెట్టి ఈ కథ చెప్పడం నాకు చేతకాదు.

2007 ఎండాకాలంలో ఒకరోజు అతను గోనెసంచుల మీదే నిద్రపోయి, ఊపిరాడక మొహం నల్లబడిపోతే విశాఖపట్నం తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు ఒంటికి తీగలు అతికించి, నిద్రపుచ్చి పరీక్ష చేశాడు. నిద్రలో గొంతు మూసుకుపోయి గంటకు నలభై ఒక్కసార్లు ఊపిరి ఆగుతోందట. ఆగిన ప్రతిసారీ ఒళ్లు ఉలిక్కిపడుతుంది, మనిషికి ఆ సంగతే తెలియదు. రాత్రంతా పడుకున్నా నిద్రపోనట్టే లెక్క. అందుకే పగలు నిలబడ్డచోటే కన్ను మూతపడుతుంది. జబ్బు పేరు స్లీప్ ఆప్నియా అని చీటీ మీద రాసిచ్చాడు.

ఆ చీటీ పట్టుకుని ఇమ్మాన్యుయేల్ తిన్నగా నా దగ్గరకు వచ్చాడు.

"బావా, అర్జీ కొట్టు. సర్వీసులో వచ్చిన జబ్బుకి డిజెబిలిటీ పింఛను ఇత్తారట."

"ఎంతొత్తాదేటి?"

"డబ్బుల ఊసు వొగ్గీ. ఆళ్లు ఇచ్చేరంటే అది జబ్బేనని ఒప్పుకున్నట్టు. డ్యూటీ ఎగ్గొట్టి నిద్దరోయిన యెదవని కాదని నాకు ఒక్క కాయితం ముక్క కావాల."

కొట్టాను. తర్వాత ఇంకో నాలుగు అర్జీలు కొట్టాను. ఎనిమిది నెలలకు మెడికల్ బోర్డు నుంచి పిలుపు వచ్చింది. ఇంకా పది రోజులుందనగా అతను వచ్చి, బోర్డుకు వెళ్లనన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏటి నీ తిక్క?"

తలొంచుకుని చెప్పాడు. వాళ్ల చర్చిలో సాక్ష్యం చెప్పడమనే ఆనవాయితీ ఉంది. దేవుడు చేసిన మేలును ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి అందరి ముందూ చెప్పాలి. అతని భార్య రూతమ్మ నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేసింది. ఆఖరి రోజు మధ్యాహ్నం అతను కుర్చీలో కూర్చునే గంటసేపు గురక లేకుండా నిద్రపోయాడు. రూతమ్మ ఆనందం పట్టలేక ఏడ్చేసింది. విశ్వాసం ఉన్నవాళ్లు పూర్తిగా నయమయ్యేదాకా ఆగకూడదు, ముందే సాక్ష్యం చెప్పాలి అంది. ఆ ఆదివారం అతను లేచి, ప్రభువు నన్ను బాగుచేశాడు, నాకిప్పుడు ఏ జబ్బూ లేదు అన్నాడు. చర్చంతా చప్పట్లు, స్తోత్రాలు. ఆ రాత్రే మళ్లీ ఊపిరి ఆగడం మొదలు.

"దేవుడి ముందు బాగున్నానని సెప్పి, ఆఫీసర్ల ముందు బాగోనేదని ఎలా సెప్పను బావా? ఏదో ఒకటి అబద్దమే కదా."

"సర్చిలో సెప్పింది బోర్డుకి ఎవడు మోత్తాడ్రా?"

"ఎవుడూ మొయ్యడు. నాకు తెలుసు కదా."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నా పొట్ట గడిచేదే ఆ అతుకుల మీద. ఈ మనిషికి అతికించడం కూడా రాదు. ఇంక ఏం చెయ్యను, మరి నీకు ఎలా కావాలంటే అలాగే చెయ్యి అని కసిరాను.

తర్వాతి ఆదివారం అతను రమ్మంటే వెళ్లి చర్చిలో వెనక వరసలో కూర్చున్నాను. సాక్ష్యాల వేళ లేచాడు.

"నెల్రోజుల కిందట నేను సెప్పింది నిజం కాదు. నాకు నయం కానేదు. ఆశకొద్దీ తొందరపడ్డాను. దేవుడి తప్పేటీ నేదు, తప్పు నాది."

ఒక్కరూ స్తోత్రం అనలేదు. ఆడవాళ్ల వైపు రూతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఒక్కరూ అతనికి వందనం చెప్పలేదు. సర్వీసు పుస్తకంలో పోయిన పేరు కోసం చర్చిలో ఉన్న పేరు కూడా పోగొట్టుకున్నాడు. నాకు అతన్ని చూసి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ నవ్వినందుకు సిగ్గేసింది.

బోర్డుకు ముగ్గురం వెళ్లాం. బస్సులో నేను నేర్పాను, శిక్షల ఊసు నీ అంతట నువ్వు ఎత్తొద్దని. నిద్ర సంగతి పక్కన పడుకునే మనిషి చెప్పాలి గనుక రూతమ్మను కూడా లోపలికి పిలిచారు. లోపల జరిగింది ఆవిడ చెబితే విన్నాను. సర్వీసులో ఉండగా ఈ జబ్బుందని చూపించే కాగితం ఏదైనా ఉందా అని పెద్ద డాక్టరు అడిగాడట. ఆసుపత్రి చీటీ ఒక్కటీ లేదు. అప్పుడు ఇమ్మాన్యుయేల్ అటెన్షన్‌లో నిలబడి, "కాపలాలో మూడుసార్లు నిద్రపోయాను సార్, పుస్తకంలో ఎర్రసిరాతో ఉంటుంది" అన్నాడట. డాక్టరు ఆ పుస్తకం చాలాసేపు తిరగేశాడు. పట్టపగలు ఇన్నిసార్లు నిద్రపోతే అప్పుడెవరూ ఆసుపత్రికి పంపలేదా అని అడిగాడట. లేదు సార్, శిక్షే వేశారన్నాడట.

రెండు నెలలకు జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే నా కొట్టు అరుగు మీద ఇద్దరినీ కూర్చోబెట్టి, ముందు అడుగునున్న తీర్పు ముక్క చదివి చెప్పాను. జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదు, శరీర తత్వం వల్ల వచ్చింది, పింఛను ఇవ్వడం కుదరదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పీలు కొట్టడానికి అప్పుడే మిషన్‌లో కాగితం ఎక్కించాను.

"ఆ పైన ఇంకేదో రాసేరు కదా, అది సదువు" అన్నాడు ఇమ్మాన్యుయేల్.

చదివాను. జబ్బు సర్వీసులో ఉండగానే మొదలైంది. కాపలాలో నిద్రపోయిన మూడు సందర్భాలూ దాని లక్షణాలుగా కనిపిస్తున్నాయి.

"మళ్లీ సదువు."

నాలుగుసార్లు చదివించుకున్నాడు. 

"అంటే అన్నయ్యా, అప్పుడే జబ్బున్నాదా?" అంది రూతమ్మ.

"అప్పుడే ఉన్నాది చెల్లీ."

ఆవిడ మొగుడి వైపు తిరిగింది.

"ఆళ్లు మూడుపాల్లే రాసేరు. నేను పదహారేళ్లు, తెల్లారి లేచిన కాణ్ణించి నిద్రమొకమా, నిద్రమొకమా అన్నాను. పిల్లల ముందూ అన్నాను."

"ఊరుకోయే. ఊపిరాగినప్పుడల్లా తట్టి లేపింది నువ్వే కదా."

"ఊపిరి కోసమని తట్టనేదు. నీ గురక పడనేక తట్టేను."

ఇమ్మాన్యుయేల్ ఆ ఉత్తరాన్ని నా చేతిలోంచి తీసుకుని మడిచి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

"అయితేనేటి? బతికేను కదే" అన్నాడు.