మండపేటలో కుడికి తిరిగిన టాంగో

మా ఎదురింటి పిన్నిగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్న కబురొచ్చింది. రాజమండ్రిలో చెల్లెలి ఇంట్లో కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలోనే కన్నుమూశారట. ముందు మా మిల్లుకి తెలిసింది. మావారు అక్కణ్ణుంచి ఫోన్ చేసి చెప్పారు. ఫోను పెట్టేసి వరండాలోకి వచ్చి ఎదురు మేడ వైపు చూశాను.

ఆవిడ ఎవరో మీకు చెప్పాలి. మండపేట బియ్యం మిల్లుల ఊరు. పొద్దున లేస్తే లారీలు, ట్రాక్టర్లు, ఊక పొగ. అలాంటి ఊళ్లో పదకొండు జంటలకి అర్జెంటీనా దేశపు టాంగో నాట్యం నేర్పిన మనిషి ఆవిడ.

ఆవిడ భర్త ఓడల కంపెనీలో ఇంజనీరు. ఉద్యోగం కోసం ఇద్దరూ అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో ఆరేళ్లున్నారు. అక్కడ శనివారం సాయంత్రాలు వీధిలోవాళ్లంతా ఒక హాల్లో చేరి టాంగో ఆడేవారట. దర్జీలు, కొట్టువాళ్లు, మనవలున్న ముసలమ్మలు కూడా. ఆయన ఉన్నట్టుండి పోయాక, పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో, పిన్నిగారు రెండు ట్రంకుపెట్టెలతో మా ఎదురు మేడలో దిగారు. ఒకదాన్నిండా బట్టలు. రెండోదాంట్లో గ్రామఫోను, రికార్డులు.

నేను ఆ వీధికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడేళ్లు. మధ్యాహ్నం అంట్లు కడుక్కునే వేళకి ఆ మేడ మీంచి ఒక పాట వినిపించేది. హార్మోనియాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని సాగదీస్తే ఎలా ఉంటుందో అలాంటి వాద్యం. ఒకరోజు ఆవకాయ ఇచ్చే వంకతో మెట్లెక్కాను. పిన్నిగారు కుచ్చిళ్లు నాలుగు వేళ్లు పైకి దోపుకుని, గదిలో ఒక్కరే వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. నన్ను చూసి ఆగలేదు. పాట అయ్యాక, ఇది నాట్యం కాదమ్మా, నడకే, అన్నారు. నడక రాదా నీకు అని అడిగారు.

రాదని ఆ వారమే తెలిసింది. పాదం నేలకి రాస్తూ వెయ్యాలి. బరువంతా ఒక కాలి మీదికి వచ్చాకే రెండోది కదలాలి. నేను ప్రతిదానికీ తొందరపడేదాన్ని. "ఎక్కడికమ్మాయ్ పరుగు, పాలేమైనా పొంగిపోతున్నాయా" అనేవారు. నెల తిరిగేసరికి మా వీధి ఆడవాళ్లం ఆరుగురం చేరాం. మాలో మేమే జంటలు. నడిపించడమూ నేర్పారు, నడవడమూ నేర్పారు. రెండూ వస్తేగాని ఎదుటివాళ్ల కష్టం తెలియదనేవారు.

తర్వాత అనుకున్నదే అయింది. బజార్లో ఎవరో మా మావయ్యగారి చెవిన వేశారు. మావయ్యగారు మిల్లు యజమాని, వీధికి పెద్ద. భోజనం చేస్తూ, నాకు వినపడేలా అత్తయ్యగారితో అన్నారు, రేపట్నుంచి ఎవరూ ఆ మెట్లెక్కక్కర్లేదని. మొగుడు పోయిన మనిషికి ఈ గెంతులేంటి అని కూడా అన్నారు. మావారు తల వంచుకుని తింటున్నారు.

మూడు వారాలు ఆ మేడ మీంచి పాట లేదు. ఊరు వదిలి వెళ్లిపోతారేమోనని నాకు భయం పట్టుకుంది. నాలుగో వారం పిన్నిగారే, గ్రామఫోను తనే మోసుకుంటూ మా వరండాలోకి వచ్చారు.

"అన్నయ్యగారూ, తప్పయితే మానేస్తానండి. చూడకుండా మాత్రం తప్పనకండి."

"చూడ్డానికేముందమ్మా" అన్నారు మావయ్యగారు, పేపరు దించకుండా.

"చూడక్కర్లేదు, వినండి. ఇంజను శబ్దం విని బెల్టు ఎక్కడ జారుతోందో మీరు చెప్పేస్తారట. ఈ పాటలో మనిషి ఎక్కడ ఆగాలో చెప్పండి చాలు."

పాట పెట్టారు. మొదటిసారి మావయ్యగారి మొహంలో ఏమీ కదల్లేదు. ఇంకోసారి వేయమన్నారు. ఈసారి కుర్చీ చేతి మీద ఆయన వేలు ఆడింది. మూడోసారి పాట ఊపిరి బిగబట్టిన క్షణాన సరిగ్గా ఆ వేలు ఆగిపోయింది.

"ఇక్కడ" అన్నారు.

"అక్కడేనండి. అది తెలియడానికి నాకు ఏడాది పట్టింది."

మావయ్యగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. మొగుడూ పెళ్లాలైతే నాకు అభ్యంతరం లేదమ్మా, మా వాణ్ణి కూడా పంపుతాను, అన్నారు. అప్పుడు తలుపు వెనకనుంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. అసలు అభ్యంతరం ఆవిడదట. మా కిటికీలోంచి ఆ మేడ మీది అడుగులన్నీ చూస్తూనే ఉన్నారు.

"అంతా బాగానే ఉంది గానీ వదినగారూ, అందరూ ఎడమకి తిరుగుతారేంటండీ? శుభమా అని అప్రదక్షిణమేంటి?"

టాంగో ప్రపంచమంతటా ఎడమకే తిరుగుతుంది. పిన్నిగారు ఒక్క క్షణం ఆలోచించి, అయితే మనం కుడికే తిరుగుదామండి, అన్నారు. ఆ రోజు నుంచి మండపేటలో టాంగో ప్రదక్షిణంగానే తిరిగింది.

మగవాళ్లు వచ్చారు. మొదట్లో వాళ్ల సిగ్గు చూడాలి. పిన్నిగారు ప్రతి జంట మధ్యా గుండెల దగ్గర ఒక చేట పెట్టి, అది కింద పడకుండా నడవమనేవారు. గట్టిగా నొక్కితే చేట విరుగుతుంది, వదిలేస్తే పడుతుంది. ఎనిమిదేళ్ల కాపురంలో మావారు నా అడుగు కోసం ఆగడం అక్కడే చూశాను. రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం పిన్నిగారు వచ్చి మా మధ్యనుంచి చేట లాగేశారు. మేం అలాగే నడుస్తున్నాం. మావారి చొక్కాకి తవుడు వాసన. ఆ పాట ఎప్పుడయిందో నాకు తెలియదు.

మరుసటి ఏడు దాళ్వా, అంటే వేసవి వరి పంట, మిల్లుకి వచ్చే ముందురోజు, ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు ఖాళీగా ఉంటే, అక్కడ ఆడుకోండని మావయ్యగారే అన్నారు. అప్పటికి పదకొండు జంటలమైన మేం పొద్దు వాలుతుండగా అక్కడ చేరాం. చూడ్డానికి వచ్చినవాళ్లు ప్రహరీ మీదికి కూడా ఎక్కారు. నవ్వుదామని వచ్చినవాళ్లూ ఉన్నారు. రెండో పాటకి వాళ్లే ముందుకి జరిగి చూస్తున్నారు.

పిన్నిగారు గ్రామఫోను పక్కన స్టూలు మీద కూర్చున్నారు. భర్త పోయాక ఆవిడ ఎవరితోనూ ఒక పాట పూర్తిగా ఆడలేదు. నేర్పడానికి నాలుగు అడుగులు వెయ్యడమే. టాంగోలో నోటితో పిలవరు. దూరం నుంచి చూస్తారు. ఇష్టమైతే ఎదుటివాళ్లు తల ఊపుతారు, లేకపోతే చూపు తిప్పుకుంటారు. ఎవరికీ చిన్నతనం ఉండదు. నేను గచ్చు ఇవతలి నుంచి ఆవిడ వైపు చూశాను. ఆవిడ చూపు తిప్పుకున్నారు. నేను చూస్తూనే ఉన్నాను. కాసేపటికి మళ్లీ ఇటు చూసి, తల ఊపి, లేచి కుచ్చిళ్లు దోపుకున్నారు.

నేను నడిపించాను, ఆవిడ నడిచారు. కళ్లు మూసుకున్నారు. తక్కిన జంటలన్నీ పక్కకి తప్పుకున్నాయి. నాకు వచ్చిందంతా ఆవిడ ఇచ్చిందే. ఆ పాటంతా అది ఒక్కొక్క అడుగుగా ఆవిడకే ఇచ్చాను. పాట ఆగగానే మొదట చప్పట్లు కొట్టింది మా అత్తయ్యగారు. ఆ వెంటనే ప్రహరీ మీదివాళ్లు. "ఇంకోటి వెయ్యండి" అన్నారు మావయ్యగారు. పిన్నిగారు నా భుజం వదలకుండా, "బాగా నడిపించావమ్మాయ్, తొందరపడలేదు" అన్నారు.

మర్నాడు పొద్దున ధాన్యం తట్టలతో వచ్చిన కూలి ఆడవాళ్లు గచ్చు అంచున ఆగిపోయారట. వెళ్లి చూశాను. పల్చటి తవుడు దుమ్ములో, ఎండ ఏటవాలుగా పడుతుంటే, వందల పాదాల గీతలు గచ్చంతా చుట్టూ కుడికి తిరిగి ఉన్నాయి. మధ్యలో రెండు జతల పాదాలు, పిన్నిగారివీ నావీ, వేళ్లకి ఎదురుగా వేళ్లు, ఒకచోట నిలిచి ఉన్నాయి. తట్టలు నెత్తినే ఉంచుకుని అందరూ చూస్తున్నారు. ధాన్యం పొయ్యడానికి ఎవరికీ చెయ్యి రావడం లేదు.