బదులిచ్చిన పట్టు

నిన్న పక్కింటావిడ, పోయిన వారం పట్టుకెళ్లిన కాఫీపొడి తిరిగిచ్చింది. నేనిచ్చింది చికోరీ లేనిది. ఆవిడ తెచ్చింది సగానికి సగం చికోరీ. ఏదైనా కాఫీయే కదా అని ఆవిడ వాదన. జవాబివ్వబోయి, ఎప్పుడో ధర్మవరంలో ఇలాంటి మాటే విన్న రోజు గుర్తొచ్చి ఊరుకున్నాను. నేను ఊరుకోవడం మా ఇంట్లో వార్త.

తొంభైల చివర్లో, డిగ్రీ కాగానే, హిందూపురంలో మా మేనమామ పట్టు వ్యాపారంలో కాగితాల పని చూసేదాన్ని. ఆయన చైనా నుంచి పట్టుదారం సుంకం లేకుండా తెప్పించి, ధర్మవరం మగ్గాల మీద గుడ్డ నేయించి విదేశాలకు పంపేవాడు. అందుకోసం కస్టమ్స్ వాళ్లకు బాండు రాసిచ్చాడు: తెచ్చిన దారమంతా గుడ్డగా మారి దేశం దాటాలి, ఇక్కడ ఎవరికీ ఇవ్వకూడదు. మాట తప్పితే బ్యాంకు హామీ పోతుంది, దానికి తాకట్టు పెట్టిన మా అత్త ఇల్లూ పోతుంది. గడువు దగ్గరపడేకొద్దీ నాకు కుదురు లేకుండా పోయింది. ధర్మవరం వెళ్లే రైలు పెనుకొండలో కాసేపు ఆగినా, దిగి వెనకనుంచి తోయాలనిపించేది.

తనిఖీకి అధికారి వస్తాడనగా, ముందురోజే ధర్మవరంలో నేతగాని ఇంటికి వెళ్లి సరుకు చూశాను. తెల్లటి చైనా దారం మధ్యలో మన వైపు పట్టు ఒక కట్ట, లేత పసుపు ఛాయతో, చుట్టంలా కూర్చుని ఉంది. నేతగాని భార్య ఏమీ దాచలేదు. పక్కింటివాళ్ల కూతురి పెండ్లి చీర మగ్గం మీదుండగా దారం చాల్లేదట. మా కట్ట ఇచ్చి, తర్వాత అంతే తూకం బదులు తీసుకుందట. ఆ వీధిలో అది తప్పు కాదు, పద్ధతి.

"పట్టు పట్టేగదమ్మా. పెండ్లి చీర ఆగిపోతాంటే చూస్తా కూచోవాల్నా?"

"బాండు రాసిచ్చినాము కదక్కా."

"మీరు యాడనో ఉండే ఆఫీసోళ్లకు రాసిచ్చింటారు. మేము బతకాల్సింది పక్కింటోళ్లతోనే."

అత్త ఇల్లు సంగతి చెప్పేసరికి ఆమె ముఖం పాలిపోయింది. బజారుకెళ్లి మామకు ఫోన్ చేశాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ఆ చీర మగ్గం మీంచి కోసుకొని రా. గుడ్డతోపాటు అదీ విదేశానికి పోతాది" అన్నాడు.

"పెండ్లికూతురు ఏం కట్టుకుంటాది మామా, నీ బాండు కాగితమా?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు మామ కూడా వచ్చాడు. అధికారి దారం పెట్టిన బీరువా తెరవకముందే ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మామ నన్ను చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఉంది. అధికారి కాగితాలు తిప్పాడు. నేసింది, వ్యర్థం, మిగిలింది అని మూడు గడులున్నాయి. బదులిచ్చిందానికి గడి లేదు. చాలాసేపు పెన్ను కొరికి, పోనీ వ్యర్థంలో రాసేయమ్మా అన్నాడు. పెండ్లి చీరను వ్యర్థమని నేను రాయనన్నాను. మామ తల పట్టుకున్నాడు. అధికారికి నవ్వొచ్చిందో, విసుగొచ్చిందో, ఆ తూకానికి సుంకం, వడ్డీ కట్టించుకుని మిగతా లెక్క ఒప్పుకుంటామన్నాడు. ఆ సొమ్ము మామ నా జీతంలో కోశాడు, నోటికి కూడా సుంకముంటాదని చెప్పి మరీ. ఇల్లు మాత్రం నిలిచింది. ఆ అమ్మాయి ఆ చీరలోనే పీటల మీద కూర్చుంది.

రద్దు ముద్ర పడి బాండు తిరిగొచ్చేసరికి ఆ పెండ్లికూతురి బిడ్డ నడక నేర్చింది. అంత నిదానంగా నడిచే కాలాన్ని కస్టమ్స్ ఆఫీసు మెట్ల మీద నిలబడి రోజూ తిట్టుకునేదాన్ని. ఇప్పుడు, ఈ వయసులో, ఆ కాలం నాకోసం ఒక్క పూటైనా ఆగదు, తిట్టడానికి ఏ మెట్ల మీద నిలబడాలో తెలియదు.