సోడా అక్కకు లొంగని మరక

మా వీధి చివర లాండ్రీ నడిపే ఆవిడను అందరూ సోడా అక్క అంటారు. తాగే సోడా కాదు, బట్టల సోడా. ఆ పొడి ఉన్న చిన్న రేకుడబ్బా ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ ఉంటుంది. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది, అయినా నాకూ అక్కే. ఒకసారి సిరా ఒలికిన చారల చొక్కా ఇస్తే, సిరాతో పాటు చారలు కూడా వదిలించి తెల్ల చొక్కా నా చేతిలో పెట్టింది. ఈ మాట చెబితే మా ఆవిడ నమ్మదు. చొక్కా చూపిస్తే అసలే నమ్మదు.

లాండ్రీ అంటే ఒకటే గది. రెండు సిమెంటు తొట్లు, నీళ్లు కాగే పెద్ద డేగిసా, కిటికీ కింద ఇస్త్రీబల్ల. అక్క కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ల అత్తగారు ఆవిడను ఆ బల్ల దగ్గర నిలబెట్టి, కళ్లు మూయించి, గుడ్డ ముక్కు దగ్గర పెట్టి అది దేని మరకో చెప్పమనేదట. తప్పు చెబితే మళ్లీ వాసన చూడాల్సిందే. భర్త నడుం నొప్పితో లారీ నడపడం మానేశాక ఇల్లు ఆ తొట్ల మీదే నడుస్తోంది. ముప్ఫై ఏళ్లలో ఆవిడ చేతికి లొంగని మరక లేదు. ఆవిడకున్న పేరు అదే, బతుకుతెరువూ అదే.

ఆ తొట్లలోకి వచ్చే మొండి మరకల్లో సగం మా వైన్ క్లబ్బువే. నెలకో ఆదివారం మధ్యాహ్నం పద్నాలుగు మందిమి కలుస్తాం. ముందు వైను రుచి చూడటం, తర్వాత భోజనం. బల్ల మీద తెల్లగుడ్డే పరవాలి, గ్లాసు వంచితే వైను రంగు ఆ తెలుపు మీదే తేలుతుంది. తర్వాత గ్లాసు గిర్రున తిప్పాలి, ముక్కు దూర్చాలి, ఓ గుక్క పుక్కిలించి బకెట్లో ఉమ్మాలి, ఆపైన నోటికొచ్చింది చెప్పాలి. ఈ చివరిదాంట్లో నన్ను మించినవాడు లేడు.

సోమవారం ఆ గుడ్డలు అక్క దగ్గరికి వెళ్తాయి. ఎవరి చెయ్యి వణికిందో, ఎవరు ఏం తినలేకపోయారో అన్నీ ఆవిడకు తెలుసు. "బాబాయిగారూ, చీజు వద్దనుకుంటే వద్దనండి, చేతిరుమాలుకెందుకు తినిపిస్తారు?" అని ఓసారి నన్ను నడివీధిలో నిలదీసింది.

క్లబ్బు అధ్యక్షుడు మా బావ, అంటే మా అక్కయ్య మొగుడు. పళ్ల డాక్టరుగా రిటైరయ్యాడు. ఇంటి కింద గదిలో దాచుకున్న నలభై ఏళ్ల నాటి ఎర్రవైను ఈమధ్య నెలకు రెండు సీసాల చొప్పున బయటికి తీయడం మొదలుపెట్టాడు. మేం మురిసిపోయాం. నేనైతే కళ్లు మూసుకుని, "వాన వెలిశాక పాతపుస్తకం అట్ట తెరిచినట్టుంది" అన్నాను. నలుగురు రాసుకున్నారు కూడా.

గుడ్డలు మాత్రం ఉతికి వచ్చాక కూడా గులాబీరంగు మచ్చలతోనే ఉన్నాయి. ఒక నెల కాదు, వరసగా మూడు నెలలు. బావకు చిర్రెత్తింది. "వయసు మీదపడి ఆవిడకు చేతకావడం లేదు. వచ్చే నెల నుంచి గుడ్డలు వేరేచోట వేద్దాం" అని అందరిముందూ అనేశాడు. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రమే వెళ్లి అక్కకు చెప్పేశాను.

ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "చేతకావడం లేదన్నారా? ఈ మాట నలుగురి నోళ్లలో పడితే రేపు నా గడప ఎవరు తొక్కుతారు బాబాయిగారూ?"

తర్వాతి నెల ఆదివారం మేం గ్లాసులు పట్టుకునే వేళకి, ఉతికిన గుడ్డల మూటతో నేరుగా బావ ఇంటి హాల్లోకి వచ్చింది.

"అక్కడ పెట్టి వెళ్లమ్మా" అన్నాడు బావ.

"పెడతాను డాక్టరుగారూ. ఒక్క నిమిషం."

భోజనంలోకి తెచ్చిన మామూలు వైను రెండు చుక్కలు బల్లగుడ్డ మీద వేసింది. తడి వేలికి సోడా అద్దుకుని దానిమీద రుద్దింది. ఎర్రమరక మా కళ్లముందే నీలమైంది, అంచుల్లో ఆకుపచ్చగా తిరిగింది. ఎవరో "అమ్మో" అన్నారు.

"ద్రాక్ష రంగుకు సోడా తగిలితే ఇలాగే తిరుగుతుంది. వైనన్నాక తిరగాల్సిందే" అని, బావగారి నలభై ఏళ్ల సీసాలోంచి రెండు చుక్కలు పక్కనే వేసింది.

పద్నాలుగు తలలు వంగాయి. సోడా రుద్దింది. ఎరుపు. ఇంకో చిటికెడు రుద్దింది. పండుమిరపకాయలా అదే ఎరుపు.

"ఇందులో ద్రాక్ష లేదు డాక్టరుగారూ."

నా గుక్క గొంతు దిగలేదు, బకెట్లోకీ పోలేదు. నా పక్కాయన గ్లాసు వంకరగా పట్టుకుని అలాగే ఉండిపోయాడు, వైను ఆయన బూటులోకి కారుతున్నా చూసుకోలేదు.

అప్పుడు వంటగది గుమ్మంలోంచి మా అక్కయ్య గొంతు. "అందుకేనా మూడు నెలలుగా నా టీగిన్నె ఎర్రగా ఉంటోంది? పనిమనిషిని తిట్టిపోశాను కదండీ!"

బావ కూలబడ్డాడు. కింద గదిలో అల్మరా ఒరిగి, దాచుకున్న సీసాలన్నీ ఒక్క దెబ్బకు పగిలిపోయాయట. చెప్పుకుంటే పరువు పోతుందని, ఎప్పుడో తాగేసి అపురూపంగా దాచుకున్న ఖాళీ సీసాలు నింపాడట. టీ డికాక్షను, పంచదార, నిమ్మరసం, బ్రాందీ, కేకుల్లో వేసే ఎర్రరంగు.

"మీలో ఒక్కడైనా కనిపెట్టాడా?" అన్నాడు చివరికి, కోపమో ఏడుపో తెలియకుండా.

పక్కాయన నావైపు తిరిగి, "మరి ఆ పాతపుస్తకం అట్ట?" అన్నాడు.

"టీపొడి ప్యాకెట్టు అట్ట అయ్యుంటుంది" అన్నాను.

"తప్పయిందమ్మా. గుడ్డల పని నీదే" అన్నాడు బావ.

"పని సరే. చేతకాదన్న మాట సంగతేంటి? రేపు పొద్దున్న లాండ్రీకి రండి."

సోమవారం నేనూ వెళ్లాను, అంతటి దృశ్యం వదులుకుంటానా? గుమ్మం దగ్గర బట్టల మూటలతో పదిమంది ఉన్నారు. లోపల తొట్టి ముందు మా బావ, చొక్కాచేతులు పైకి మడిచి, మోచేతుల దాకా నురగతో, మచ్చలు పోని క్లబ్బు గుడ్డ రుద్దుతున్నాడు.

"పళ్లు తోమినట్టు పైపైన కాదు డాక్టరుగారూ, పిడికిలి బిగించండి" అంటోంది అక్క.

గంటసేపు రుద్దాడు. చెమట కారింది కానీ రంగు కారలేదు. "పోవడం లేదేంటమ్మా?" అన్నాడు రొప్పుతూ.

"పోదు. ఏం కలిపారో నిన్న మీరు చెప్పినప్పుడే తెలిసింది."

బావ చేతిలో గుడ్డ తొట్లో జారిపడింది. "తెలిసీ నాచేత గంటసేపు ఉతికించావా?" అన్నాడు.

"నేను పోదంటే చేతకాక అంటున్నానంటారు. ఇప్పుడు మీరే చెప్పండి" అని గుమ్మంవైపు తల ఊపింది.

బావ ఆ పదిమందినీ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఈ మరక ఎవరివల్లా పోదు" అన్నాడు.

"గట్టిగా డాక్టరుగారూ" అంది అక్క, ఇస్త్రీపెట్టె అందుకుంటూ. "వెనకవాళ్లకు వినపడలేదు."